డ్రాయింగ్ లేని హనుమంతుడు: రోడ్డు పక్క పెద్ద విగ్రహం మరమ్మతు కేసు

పెద్ద విగ్రహాల పని నా దగ్గరికి అరుదుగానే వస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరుగా నాకు కూడు పెట్టేవి పాత అపార్ట్‌మెంట్లు, నీళ్ల ట్యాంకులు. విగ్రహం వచ్చిందంటే మాత్రం ఫైల్లో పెట్టుకోవడానికి ఒక్క కాగితం దొరకదు. ఇంటికైతే కనీసం మున్సిపల్ ప్లాను ఉంటుంది. కమిటీలు చందాలేసుకుని కట్టించిన విగ్రహానికి డ్రాయింగు ఉండదు, రాడ్ల లెక్క ఉండదు, పునాది ఎంత లోతు తవ్వారో రాసిపెట్టినవాడు ఉండడు. ఉండేవన్నీ కథలే. ఎందుకు పెట్టారు, డబ్బు ఎవరిచ్చారు, మధ్యలో ఏం గొడవైంది, ఎవరి మాట నెగ్గింది. ఈ కేసులో ఆ కథలే నాకు డ్రాయింగుల్లా పనికొచ్చాయి. అందుకని వాటితో సహా రాస్తున్నాను. కమిటీ కోరిక మీద ఊరి పేరు రాయడం లేదు.

విగ్రహం, ఫిర్యాదు

హైదరాబాద్ తూర్పు శివారులో, ఔటర్ రింగ్ రోడ్డుకి కాస్త ఇవతల, ఒక మలుపు దగ్గర ఉంటుంది. సిమెంటు హనుమంతుడు. పీఠం 11 అడుగులు, విగ్రహం 31 అడుగులు, మొత్తం 42. కుడి చెయ్యి అభయహస్తం. ఎడమ చేతిలో భుజానికి ఆనించిన గద. తోక వెనక నుంచి లేచి కిరీటం దాకా వంపు తిరుగుతుంది. 1990ల చివర్లో కట్టారు. పీఠం లోపలే చిన్న గుడి, అందులో నిత్యపూజ అందుకునే రాతి విగ్రహం ఉన్నాయి.

ఒక వాన రాత్రి కుడి మోచేతి కింద అడుగున్నర పొడవు పెచ్చు ఊడిపడింది. పగలు కొబ్బరికాయల బండి నిలబడే చోటే పడింది. రాత్రి కాబట్టి సరిపోయింది.

కమిటీ మొదట పిలిచింది పెయింటరుని. లప్పం పెట్టి రంగేస్తే కనబడదని అతను కొటేషన్ కూడా ఇచ్చేశాడు. నన్ను పిలిపించింది కమిటీలో ఉన్న ఒక కుర్రాడు. సివిల్ డిప్లొమా చదివి సైట్ సూపర్‌వైజరుగా చేస్తున్నాడు, ఊడిన చోట రాడ్డు చూసి భయపడ్డాడు. అధ్యక్షుడికి నేను రావడం పెద్దగా ఇష్టం లేదు. ‘‘సారు, జయంతి నెత్తి మీదికొచ్చింది. మీరేమో పెద్ద లెక్క జెప్తరు, మేమేమో చందాలేసుకునెటోళ్లం’’ అని మొదటే తేల్చేశాడు. ఇక్కడ హనుమాన్ జయంతి అంటే చైత్ర పౌర్ణమి. ఆ రోజు గౌలిగూడ రామమందిరం నుంచి తాడ్‌బండ్ హనుమాన్ గుడి దాకా శోభాయాత్ర ఉంటుంది, శివారు కాలనీల్లో ఎవరి ఊరేగింపు వాళ్లు తీస్తారు. ఆ తేదీ నా కోసం జరగదు.

కారణం గురించి ఊళ్లో మూడు వాదనలు నడుస్తున్నాయి. లారీల అదురుకి పగిలిందని కొందరు. విగ్రహం రోడ్డు వైపు ఒరుగుతోందని కొందరు. దక్షిణం వైపు కొత్తగా తెరిచిన గేటు వల్ల దోషం వచ్చిందని మిగతావాళ్లు. మూడోది నా పరిధి కాదు. మొదటి రెండూ చూడాలి.

ఒరగడం సంగతి పొద్దున్నే, గాలి లేనప్పుడు తేల్చాం. కిరీటం నుంచి తాడుకి గుండు కట్టి వదిలాం, తర్వాత టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతోనూ చూశాం. 31 అడుగుల ఎత్తులో అంగుళం తేడా కూడా లేదు. మరి ఒరిగినట్టు ఎందుకు కనిపిస్తోంది? తారు మీద తారు పోసి రోడ్డు ఒకవైపు లేచింది. పీఠం మెట్లలో ఒక పక్క అడుగు మెట్టు సగం పూడిపోయింది. కళ్లు మెట్లను చూసి విగ్రహాన్ని కొలుస్తున్నాయి.

అదురు వాదనకి జవాబు పగుళ్లే ఇచ్చాయి. లారీల వల్లే అయితే నేలకి దగ్గరగా ఉన్న పీఠం ముందు చిట్లాలి. పీఠం రాయి చెక్కుచెదరలేదు. పగుళ్లన్నీ పైనే ఉన్నాయి: కిరీటం మొదట్లో, చంకలో, మోచేతి కింద. పై నుంచి కిందికి దిగేది వాన ఒక్కటే.

కథలు అడగడం

పరికరాలు దించేలోపు నేను చేసిన పని, గుడి అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లని మాట్లాడించడం. కుర్రాడు దీన్ని టైంపాస్ అనుకున్నాడు.

అందరూ చెప్పే కథ మలుపుది. ఒకప్పుడు ఆ మలుపులో వరసగా యాక్సిడెంట్లు అయ్యేవట. ఒక బండి బోల్తాపడి ఊరివాళ్లు పోయాక, హనుమంతుణ్ణి నిలబెట్టాలని తీర్మానించారు. పెట్టాక ప్రమాదాలు తగ్గాయి. ఈ కథ హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకి వెళ్లినా వినిపిస్తుంది. నేను కొట్టిపారేయను. మలుపులో అంత ఎత్తున నారింజ రంగు ఆకారం కనిపిస్తే డ్రైవరు దండం కోసమైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. ఆ తర్వాత అక్కడ స్పీడ్ బ్రేకర్ కూడా పడింది. ఎవరి వాటా ఎంతో తేల్చడం నా పని కాదు.

నాకు పనికొచ్చింది రెండో కథ. అది అందరూ చెప్పరు. విగ్రహం కట్టిన మేస్త్రీ ఇంకా ఊళ్లోనే ఉన్నాడు, డెబ్బై దాటిన మనిషి. ఆయన చెప్పింది ఇది: మలుపు మాట నిజమే గానీ, అసలు తొందర భూమి గురించి. ఆ పక్కనంతా చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే భూమి. రాత్రికి రాత్రి మట్టి పోసి, కబ్జాకి హద్దు కడీలు పాతుతున్నారు. స్వామిని నిలబెడితే అక్కడ ఎవడూ గీత గీయడని ఊరి పెద్దలు ఆలోచించారు. ‘‘శిఖం గదా సారు, పైనంత పోసిన మట్టే. మొరం తగిలెదాంక తవ్వమన్న. ఇద్దరు మనుషులు ఒకరి మీదొకరు నిలవడ్డంత లోతు పోయినం. అందరు నన్ను తిట్టిండ్రు, పైసలన్ని భూమిల పెడుతున్నవని.’’

ఈ మేస్త్రీ అంతకుముందు రోడ్ల కాంట్రాక్టుల్లో కల్వర్టులు కట్టినవాడు. చెరువు మట్టి మీద కట్టడం అతనికి తెలుసు. పీఠం పక్కన ఒక గుంత తవ్వి చూశాం. పది అడుగుల పైచిలుకు లోతున మొరం, దాని మీద రాతి కట్టడం, ఆయన చెప్పినట్టే ఉంది. పునాది గురించి నేను పడాల్సిన టెన్షన్ అక్కడితో పోయింది.

లెక్క కూడా వేశాం. మన గాలి కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. అంటే చదరపు మీటరుకి దాదాపు 118 కిలోల ఒత్తిడి. ఈ ఆకారానికి, ఈ వెడల్పుకి కలిపి విగ్రహం మీద పడే తోపు నాలుగున్నర టన్నులు. పీఠం, విగ్రహం కలిసి 140 టన్నుల దాకా ఉంటాయి. తోపు పడే ఎత్తు, పీఠం వెడల్పు కూడా లెక్కలోకి తీసుకుంటే, పడదోసే బలం కంటే నిలబెట్టే బలం ఏడు రెట్లు ఎక్కువ. నగరం భూకంపాల మ్యాపులో రెండో జోన్‌లో, అంటే అన్నిటికంటే తక్కువ తీవ్రత ఉన్న జోన్‌లో ఉంది. మొత్తంగా పడిపోయే ప్రశ్నే లేదు. ముక్కలుగా రాలే ప్రశ్నే ఉంది.

చెయ్యి ఎలా వచ్చింది

మూడో కథ చెప్పడానికి మేస్త్రీ కాస్త తటపటాయించాడు. దాత కుటుంబం ఇంకా ఊళ్లోనే ఉంది మరి. మొదట అనుకున్నది దాసాంజనేయుడు, రెండు చేతులూ ఛాతీ దగ్గర జోడించి. తెనాలి వైపు నుంచి వచ్చిన శిల్పులు ఆ లెక్కనే చట్రం కట్టారు. పని ఛాతీ దాకా వచ్చాక, పెద్ద మొత్తం ఇచ్చిన దాత వచ్చి చూసి, రోడ్డు మీద పోయేవాళ్లకు స్వామి అభయం ఇస్తున్నట్టు ఉండాలన్నాడు. చేతులు జోడించి ఉంటే మనకేం ఇస్తున్నట్టు అన్నాడట. ఆ మాటకి తిరుగు లేదు. చేతులు మార్చారు.

ఇది విన్నాక చంకలో చిన్న కిటికీ కోసి చూడమన్నాను. సిమెంటు లోపలి రాడ్లను పసిగట్టే రీబార్ లొకేటర్ అప్పటికే అక్కడ ఏదో తేడాగా చూపిస్తోంది. కిటికీలోంచి కనబడింది: చేతి రాడ్లు మూడు, 12 ఎంఎంవి, విగ్రహాన్ని లోపల మోసే స్తంభంలోకి దిగలేదు. స్తంభం చుట్టూ ఉన్న రింగుకి కొక్కెం వేసి, బైండింగ్ వైరుతో బిగించి ఉన్నాయి. వాటి చుట్టూ ఇటుక ముక్కలు, పైన చికెన్ మెష్, దాని మీద సిమెంటు. ఎడమ చెయ్యి పర్లేదు, గద భుజం మీద ఆని బరువు పంచుకుంటోంది. కుడి చెయ్యికి ఏ ఆసరా లేదు. మోచేతి నుంచి వేళ్ల దాకా ఘనపరిమాణం కొలిస్తే సుమారు 800 కిలోలు తేలింది. ఆ బరువు భుజం నుంచి ఆరడుగుల దూరంలో, మూడు కొక్కేల మీద పాతికేళ్లుగా వేలాడుతోంది. పెయింటరు లప్పం పెడతానన్నది దీనికే.

పెచ్చు ఊడిన చోట ఫినాఫ్తలీన్ చల్లాం. కాంక్రీటులో క్షారం ఉంటే గులాబీ రంగు వస్తుంది, లోపలి రాడ్డుకి అదే రక్ష. ఇక్కడ రాడ్డు దాకా రంగు రాలేదు. కవరింగ్, అంటే రాడ్డు మీదున్న సిమెంటు మందం, అర అంగుళమే. ఇనుము తుప్పుపడితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది, పైనున్న సిమెంటుని లోపల్నుంచి తోసేస్తుంది. పెచ్చు ఊడటమంటే అదే. కానీ ఆ తుప్పుకి నీళ్లు ఇంతగా ఎక్కడివి? మోచెయ్యి కింది వైపున, వాన నేరుగా తగలని చోట పెచ్చు ఊడింది.

పరిటాల చూసొచ్చాక

విజయవాడ హైవే మీద పరిటాల దగ్గర 135 అడుగుల హనుమంతుడు వెలసింది 2003లో. ఆ దారిలో పోయే ప్రతి కారూ కాసేపు ఆగే చోటు అది. మన కమిటీ వాళ్లు కూడా ఒక పెళ్లికి పోతూ ఆగారు. తిరిగొచ్చాక సొంత విగ్రహం చిన్నగా కనబడింది. పైగా పక్క కాలనీలో అప్పుడే ఇంకో విగ్రహం లేస్తోంది, ఇంతకంటే రెండడుగులు ఎక్కువ. ఇంకేముంది, కిరీటం మీద నాలుగడుగుల కొత్త కిరీటం ఎక్కించారు. మొదట విగ్రహం 27 అడుగులే.

ఎత్తు పిచ్చి మన ఊరికి కొత్త కాదు. ఎత్తు చెప్పే తీరులోనూ తలో లెక్క. ట్యాంక్‌బండ్ దగ్గర 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం 125 అడుగులు, కింద పార్లమెంటు ఆకారంలో కట్టిన పీఠం ఇంకో 50. చెప్పేటప్పుడు మాత్రం అందరూ 125 అనే చెప్తారు. ముచ్చింతల్ రామానుజాచార్యుల విగ్రహం 216 అడుగులన్నది భద్రవేది 54, పద్మపీఠం 27, ఆ పైన త్రిదండం మొన దాకా 135 కలిపితే వచ్చే లెక్క. కూర్చున్న మూర్తి ఒక్కటీ 108. మా కమిటీ 42 అనడం కూడా పీఠంతో కలిపే. నేను రిపోర్టులో 31 అని రాస్తే సెక్రటరీ మొహం మాడ్చుకున్నాడు.

పెంచుకుంటూ పోవడంలో ఖైరతాబాద్ గణేశుడిది అసలైన దారి. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగుతో మొదలుపెట్టింది, ఏడాదికో అడుగు చొప్పున 2014కి 60 అడుగులయింది. 2024లో డెబ్బై ఏళ్లకి గుర్తుగా 70 అడుగులు. కానీ అక్కడ ప్రతి ఏడూ చట్రం కొత్తగా కడతారు, నిమజ్జనంతో దాని పని అయిపోతుంది. లోపలి ఇనుము తుప్పు పట్టేంత టైమే ఉండదు. పాత తల మీద కొత్త నాలుగడుగులు ఎక్కించడం వేరే సంగతి. పాత సిమెంటుకీ కొత్త సిమెంటుకీ మధ్య చుట్టూరా ఒక అతుకు మిగిలిపోతుంది. పైన జెండా కోసం ఒక పైపు దించారు. పండగ లైట్ల కోసం ఏటా కిరీటం చుట్టూ డ్రిల్లు వేసి మేకులు కొట్టారు, తర్వాత మేకులు పీకేశారు, బెజ్జాలు వదిలేశారు.

పరంజా మీద పైకెక్కి ఆ జెండా పైపులో నుంచి బోరోస్కోప్ దించాం. సన్నటి వైరు చివర చిన్న కెమెరా ఉంటుంది, కింద ఫోన్లో కనబడుతుంది. తల లోపలంతా బోలు. కందిరీగల గూళ్లు, తెల్లగా కారిన సున్నపు చారలు. ఛాతీ దాటాక చారలు చిక్కబడి గోధుమ రంగుకి తిరిగాయి. ఒక చార కుడి భుజం వైపు మళ్లి చేతిలోకి పోయింది. ఇంకా కిందికి పోతే, తొడల దగ్గర కెమెరా లైటు తిరిగి మన కళ్లలోకే కొట్టింది. నీళ్లు. రెండు కాళ్లలోనూ, మోకాళ్ల పైదాకా.

కమిటీ బెంగంతా చేతి గురించి. నాకు ఆ క్షణం నుంచి చెయ్యి రెండో సమస్య అయింది. గాలి తోపుని మొత్తంగా మోసి పీఠానికి అందించేవి చీలమండల దగ్గర ఉన్న స్తంభాల రాడ్లు. నీళ్లు నిలబడింది సరిగ్గా వాటి చుట్టూ.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడు ఇలాంటప్పుడు గుర్తొస్తాడు. న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహం చూసొచ్చిన ఎన్టీఆర్ తలపెట్టిన పని. 58 అడుగుల ఏకశిల, రాయగిరి దగ్గరి గ్రానైటు, గణపతి స్థపతి చెక్కింది. 1990 మార్చి 10న పంటు మీద తీసుకెళ్తుంటే సాగర్‌లో పడిపోయింది, మనుషులు పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉండి, 1992 డిసెంబరు 1న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబడింది. అన్నాళ్లు మునిగినా రాయికి ఏమీ కాలేదు, లోపల ఇనుము లేదు కాబట్టి. మన సిమెంటు విగ్రహాలన్నీ ఇనుప కడ్డీకి సిమెంటు చొక్కా తొడిగినవి. వాటికి సాగర్ అక్కర్లేదు, లైట్ల బెజ్జాలు చాలు.

వీడియో గొడవ

నీళ్లు తీయాలంటే మడమ వెనక బెజ్జం వెయ్యాలి. పంతులుగారిని అడిగాం. పెద్ద విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ జరగలేదని, పూజలన్నీ లోపలి రాతి విగ్రహానికేనని ఆయన చెప్పారు. అయినా జనం మనసు వేరు కదా అని, పని అయినన్నాళ్లకు కలశం పెట్టి చిన్న పూజ చేశారు. యాదగిరిగుట్టలో గుడి తిరిగి కట్టినన్నాళ్లూ స్వామి బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, దర్శనమిచ్చిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే ఈ పద్ధతి ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఎడమ మడమ వెనక, పీఠం కలిసే చోటుకి రెండంగుళాల పైన డ్రిల్లు పెట్టాం. బిట్టు బయటికి లాగగానే ముదురు ఎరుపు నీళ్లు చిమ్మాయి. మొదట దారగా, తర్వాత పీఠం తెల్ల పాలరాయి మీదుగా, దాతల పేర్ల పలకల మీదుగా కిందికి. ఇనుము వాసన గుప్పుమంది. అరగంటైనా తగ్గలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఎవరో ఫోన్ తీశారు. స్వామి కాలి నుంచి రక్తం వస్తోందని మధ్యాహ్నానికల్లా చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. కొబ్బరికాయలతో కొందరు, తిట్లతో కొందరు దిగారు. ఒకావిడ ఏడుస్తూ నా కూలీ చేతిలో డ్రిల్లు లాక్కోబోయింది. ఎవరో పోలీసులకి ఫోన్ కూడా చేశారు.

నేను ఇంజనీరునని మొదలుపెడితే ఎవరూ వినేలా లేరు. మేస్త్రీని, పంతులుగారిని పిలిపించాం. పంతులుగారు ఆ నీళ్లని ఒక స్టీలు గ్లాసులో పట్టి, పది నిమిషాలు అరుగు మీద పెట్టారు. అడుగున తుప్పు పొడి దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి. ‘‘సూడమ్మా, రక్తమైతె గిట్ల తేర్తదా? ఏండ్ల సంది స్వామి మోస్తున్న వాన నీళ్లివి. దించుతున్నరు’’ అన్నారు. ఆవిడే ఆ తర్వాత పీఠం కడగడానికి బకెట్లు తెచ్చింది. ఆ రోజు నుంచి పని చుట్టూ ఆకుపచ్చ వల కట్టించాను. మొదటి రోజే కట్టించాల్సిందని అధ్యక్షుడు అంటే, వల ఖర్చు వద్దన్నది ఆయనేనని కుర్రాడు గుర్తుచేశాడు.

నీళ్లు దిగాక చీలమండల దగ్గర రెండు కిటికీలు కోశాం. ఇక్కడ మేస్త్రీ కల్వర్టు చదువు మళ్లీ ఆదుకుంది. కాళ్లలోని స్తంభాలు అతను ఇటుక ముక్కలతో నింపలేదు, కంకర కాంక్రీటు పోసి గట్టిగా కుదించాడు. కవరింగ్ రెండంగుళాల దాకా ఉంది. ఫినాఫ్తలీన్ చల్లితే అంగుళం లోపలే గులాబీ రంగు కనబడింది. పైకి తీసి కొలిచిన రాడ్డులో మందం తగ్గింది పదో వంతు కన్నా తక్కువే. ఇంకో పదేళ్లు అలాగే వదిలేసి ఉంటే ఈ మాట రాసేవాణ్ణి కాదు.

ప్లాస్టిక్ చెయ్యి వద్దన్నారు

చెయ్యి మీద అసలు పోరు నడిచింది. నా మొదటి సలహా మోచేతి నుంచి పైకి ఫైబర్. బరువు వంద కిలోలలోపు, తుప్పు లేదు, పని త్వరగా అవుతుంది. కమిటీ మీటింగులో ఆ మాట అన్నానో లేదో, ‘‘స్వామికి ప్లాస్టిక్ చెయ్యి పెడ్తరా సారు?’’ అని లేచారు. లెక్కలు చెప్పి ఒప్పించొచ్చేమో, కానీ రేపు ఊళ్లో ఏ కీడు జరిగినా ఆ చెయ్యి మీదికే పోతుంది. ఈ రకం పనిలో జనం ఒప్పుకోని మెటీరియల్ ఎంత మంచిదైనా దండగ.

కుదిరిన రాజీ ఫెర్రోసిమెంటు. స్తంభంలోకి రంధ్రాలు వేసి, రసాయన గ్రౌటుతో కొత్త రాడ్లు నాటి, వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు పైపు చట్రం బిగించాం. దాని మీద గాల్వనైజ్డ్ మెష్ పొరలు, అంగుళం మందం సిమెంటు పెంకు. లోపల బోలు. చట్రంతో కలిపినా పాత బరువులో మూడో వంతుకి మించలేదు. అరచేతిలో ముద్ర, వేళ్ల వంపు పాతదానిలాగే రావాలని ముందుగా అచ్చు తీయించాం. పాత చెయ్యి కోసి దించేటప్పుడు మాత్రం గొలుసు కప్పీకి వేలాడుతున్న ఆ చేతికి కింద నిలబడ్డ వాళ్లంతా దండం పెట్టారు. పాత సిమెంటు ముక్కల్ని చెత్తలో వెయ్యనివ్వలేదు, చెరువులో కలిపారు. రాడ్లు స్క్రాపుకి పోయాయి, వాటి గురించి ఎవరూ అడగలేదు.

మిగతాది మామూలు పని. తుప్పు గీకి, జింకు ప్రైమరు కొట్టి, పాలిమర్ మోర్టారుతో మూశాం. కిరీటం అతుకుని వి ఆకారంలో చెక్కి సీలెంటు నింపాం. జెండా పైపు తీసేసి, దాని చోట పిడుగు కడ్డీ పెట్టాం. కలశం ఆకారపు ఇత్తడి తొడుగులో దాచాం కాబట్టి అభ్యంతరం రాలేదు. రాగి పట్టీ తోక వెనకగా దిగి ఎర్త్ పిట్‌లోకి పోతుంది. రెండు మడమల వెనకా నీళ్లు కారిపోయే బెజ్జాలు (వీప్ హోల్స్) శాశ్వతంగా ఉంచి, కందిరీగలు దూరకుండా జాలీ బిగించాం.

రంగు గీకించినప్పుడు పొరలు మూడు మిల్లీమీటర్ల మందం లేచాయి. సిందూరం, లేత గులాబీ, పసుపు, మళ్లీ సిందూరం. ఏటా జయంతికి ఎనామిల్ పూత. ఆయిల్ పెయింటు లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు. దానికి బదులు కాంక్రీటు మీద వేసే యాక్రిలిక్ కోటింగ్ వేశాం, నిగనిగ తక్కువని రెండు రోజులు అలిగారు. పాలాభిషేకం పీఠం మీద చెయ్యొద్దని కూడా చెప్పాను. పులిసిన పాలలో ఉండే ఆమ్లం సిమెంటుని తింటుంది. అది మానలేదు గానీ, పళ్లెం పెట్టి పడుతున్నారు.

మొత్తం ఖర్చు పెయింటరు కొటేషన్‌కి నాలుగు రెట్లు దాటింది. చందా పోగవడంలో ఒక తమాషా చూశాను. కొత్త చేతికి దాత దొరకడానికి ఒక్క రోజు పట్టింది. పిడుగు కడ్డీకి కూడా దొరికాడు. చీలమండల రిపేరుకి, వీప్ హోల్స్‌కి, పాత రంగు గీకడానికి ఎవరూ రాలేదు, హుండీ నుంచి తీశారు. కనబడని పనికి పాలరాయి పలక ఎక్కడ అతికిస్తారు?

రోడ్డు సంగతి

పని జయంతికి ముందే ముగిసింది. ఆ ఏడు లైట్ల కాంట్రాక్టరు అలవాటు ప్రకారం డ్రిల్లు మెషీన్‌తో పరంజా ఎక్కబోతే కుర్రాడు కిందికి దించాడట. ఇప్పుడు కిరీటం చుట్టూ, నడుం చుట్టూ బెల్టు క్లాంపులున్నాయి, తీగలు వాటికే కడుతున్నారు. వానలు మొదలయ్యేముందు వీప్ హోల్స్‌లో తీగ పోనిచ్చి చూడటం, ఏడాదికోసారి సుత్తితో తట్టి డొల్ల శబ్దం వినడం అతని బాధ్యత.

తేలకుండా ఉన్నది రోడ్డు వెడల్పు చేసే సంగతి. ఎర్ర రంగు మార్కింగు పీఠం మెట్ల మీద పడింది. కమిటీలో ఒక వర్గం, విగ్రహాన్ని వెనక్కి జరిపి ఈసారి 60 అడుగులు కడదామంటోంది. 140 టన్నుల రాతి, సిమెంటు కట్టడాన్ని వెనక్కి జరపలేం, పగలగొట్టి కొత్తది కట్టడమే అవుతుందని చెప్పాను. పైగా రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజల వాడకానికి ఉన్న స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలకు చెప్పింది. పాతది తీశాక రోడ్డు పక్కన కొత్తదానికి అనుమతి వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దన్నాను. సొంత పట్టా భూమి ఉంటే అది వేరే మాట. శిఖం పక్కన అలాంటి భూమి వీళ్లకి లేదు.

మార్కింగు ప్రకారం పోయేవి ముందు మెట్లే. పీఠం రాతి కట్టడం గీతకి రెండడుగులు లోపల ఉంది. మెట్లు తీసేటప్పుడు జేసీబీ పెట్టకుండా మనుషుల చేత పగలగొట్టించమని, గుడిలోకి దారి ఉత్తరం పక్క నుంచి తెరవమని స్కెచ్ గీసి ఇచ్చాను. దక్షిణం గేటు దోషం అన్న వర్గం ఈ స్కెచ్‌కి వెంటనే ఒప్పుకుంది.